కాఫీ కాలువలో పడ్డది ఎవరు

ఇలా జరుగు, ఆ పీట లాక్కో. రేకుల మీద వాన పడుతుంటే నా గొంతు గుమ్మం దాటదు, పక్కన కూచుంటేనే వినపడుతుంది. న్యగుతీ సంగతి చెబుతాను. పట్నం అంచున రువాకాలో, మూడో అంతస్తు గదిలో, ఒక శనివారం మధ్యాహ్నం, ఇలాంటి వానలోనే, ఆ పిల్ల ఒక్కతే కూచుని రెండింటి కోసం ఎదురుచూసింది. ఒకటి, కంప్యూటర్ తన లెక్క ముగించడం. రెండోది, తమ్ముడు కమాండె దగ్గర్నుంచి ఫోను. పిల్ల అంటున్నాను గానీ ముప్పై దాటిన మనిషి. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, గదిలో ఒక మంచం, ఒక బల్ల, కిటికీలో పాత డబ్బాలో నాటిన ఉల్లికాడలు. కమాండె పెళ్ళాం పొద్దున్నే నొప్పులతో సొంతూరు మురంగాలో ఆసుపత్రికి వెళ్ళింది. పుట్టేది ఆడపిల్లేనని ముందే తెలుసు. వాళ్ళకి మూడో ఆడపిల్ల. మా ఇళ్ళల్లో మూడో ఆడపిల్లకి తండ్రి అక్క పేరు పెడతారు, అంటే న్యగుతీ అనే పెడతారు, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆమె తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే. ఆ పేరు ఎవరిదనుకుని పెడతారో.

తెర అడుగున సన్నటి నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకుతోంది. చూస్తూ ఉంటే కదలదు, చూపు తిప్పితే కాస్త జరుగుతుంది. కింది అంతస్తులో ఎవరో చపాతీలు కాలుస్తున్నారు, నూనె వాసన మెట్లెక్కి వస్తోంది. వసారా తీగ మీద ఎవరివో చిన్నపిల్లల బట్టలు తడిసిపోతున్నాయి, పసుప్పచ్చ గౌను ఒకటి, చిన్న మేజోళ్ళు, ఎవరో ఒకరు వచ్చి తీస్తారులే అనుకుంది, ఎవరూ రాలేదు, తను లేద్దామంటే సరిగ్గా అప్పుడే ఫోను మోగుతుందేమో. ఆ గౌను మీదే చూపు ఆగింది. చిన్నప్పుడు అలాంటి గౌనే తనకీ ఉండేది, పసుప్పచ్చదే, మెడ దగ్గర కుట్టు వదిలి మళ్ళీ కుట్టినది, తనకి కొన్నది కాదు. తనకి కొన్నది ఏదీ గుర్తు రాలేదు. కప్పు, దుప్పటి, చెక్క చెంచా, గౌను, చివరికి పేరు, అన్నీ తను వచ్చేటప్పటికే ఇంట్లో ఉన్నాయి, ఒక మనిషి లేచి వెళ్ళిన కుర్చీ ఇంకా వెచ్చగా ఉన్నట్టు. పోయిన నెల ఇంటికి వెళ్ళినప్పుడు తను టీ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండగానే అమ్మ కోడలి పొట్ట మీద చెయ్యి వేసింది. “ఈసారి న్యగుతీ మళ్ళీ వస్తుంది చూడు,” అంది. కోడలు నవ్వింది. కమాండె తల ఊపాడు. న్యగుతీ అందరికీ టీ పోసింది. తనకి పోసుకోవడం మర్చిపోయింది, ఆ సంగతీ ఎవరూ చూడలేదు. మళ్ళీ వస్తుందట. మటాటు వ్యానులో తిరిగి వస్తూ, కిటికీ అద్దానికి నుదురు ఆనించుకుని, నేనెక్కడికి వెళ్ళానని అనుకుంటూనే వచ్చింది రువాకా దాకా.

ఆమె చేసేది బొమ్మల సినిమా పని. ఇప్పుడు చేతిలో ఉన్నది ఉసిళ్ళ గుంపు. వాన వెలిశాక పుట్టలోంచి పొగలా లేస్తాయి చూడు, అదే, సినిమాలో కొద్దిసేపు కనపడుతుంది అంతే, కానీ ఆ కొద్దిసేపటికి ఆమె వారాలు పోసింది. ఒక్కో ఉసిలినీ చేత్తో గీయరట. తెర మీద చిన్న చిన్న పెట్టెలు పరిచి, ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి దారాలు లాగుతారు. ఒక పెట్టె వాటిని పుట్టిస్తుంది, ఒకటి గాలి తోలుతుంది, ఒకటి రెక్కలు రాలుస్తుంది, ఒకటి పిట్ట నోటికి చిక్కిన వాటిని గుంపులోంచి తీసేస్తుంది. ఒక బొమ్మని చూసుకుని దాని తర్వాతి బొమ్మ, దాన్ని చూసుకుని ఆ పైది, అలా వెనకటిది తెలిస్తే గానీ ముందుది రాదు. మధ్యలో దూకడానికి లేదు, మొదటి నుంచీ లెక్క కట్టుకుంటూ రావాల్సిందే, అందుకే ఆ నీలం గీతకి అంత ఆలస్యం. అంతా బాగానే ఉండేది, ఒక్క తప్పు తప్ప. పిట్ట ఒక ఉసిలిని మింగిన ప్రతిసారీ గుంపంతా ఒక్కసారి జలదరించేది. రెక్కలు రాల్చుకుని నేల మీద పాకుతున్న దానికి టక్కున రెక్కలు మొలిచేవి. పైన ఎగురుతున్న దానికి రెక్కలు మాయమయ్యేవి, అది అలాగే ఉత్త ఒంటితో గాల్లో తేలుతూ ఉండేది. ఆమెతో పనిచేసే ఒకోత్ అది చూసి కుర్చీలో వెనక్కి వాలి, “న్యగుతీ, నీ ఉసిళ్ళకి పూనకం వస్తోందే,” అన్నాడు. “మా సరస్సు వైపు వీటికి ఇంత సేవ ఎవడూ చెయ్యడు. బాణలిలో వేసి ఉప్పు చల్లుతారు.”

ఆమె నవ్వింది గానీ తప్పు ఎక్కడో తెలియక చాలా రోజులు తిండి సహించలేదు. తెలిశాక నవ్వు రాలేదు. ఉసిళ్ళని ఒక వరసలో పెట్టింది. వాటి గుణాలని, ఎంత జోరుగా రెక్కలాడిస్తుంది, ఏ రంగుది, రెక్కలు ఉన్నాయా రాలాయా, అవన్నీ పక్కన ఇంకో వరసలో పెట్టింది. ఏడో ఉసిలికి ఏడో గుణం, ఎనిమిదో దానికి ఎనిమిదోది. ఏడో దాన్ని పిట్ట ఎత్తుకుపోతే ఎనిమిదోది ఒక అడుగు ముందుకు జరిగి ఏడోది అవుతుంది, దాని వెనకది ఎనిమిదోది అవుతుంది, అలా చివరి దాకా. కానీ గుణాల వరస జరగలేదు. చచ్చిపోయిన దాని జోరు, దాని రంగు, దాని రెక్కలు అక్కడే ఉన్నాయి, వెనకాల వచ్చినది వాటిని తొడుక్కుంది. వరసలో ఎన్నోదో అదే దాని పేరని ఆమె అనుకుంది. ఇంకెవరైనా అయితే అలా అనుకునేవారో లేదో. మా ఇళ్ళల్లో పుట్టినది అలాగే అనుకుంటుంది. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో వాడికి తల్లి తండ్రి పేరు, మొదటి కూతురికి తండ్రి తల్లి పేరు, రెండో దానికి తల్లి తల్లి పేరు, ఆ పైన తోడబుట్టినవాళ్ళవి. పిల్ల పుట్టకముందే పేరు కూచుని ఉంటుంది, పిల్ల వచ్చి అందులో దూరుతుంది. ఆమె శోశో, అంటే నాన్నమ్మ, పేరు న్యగుతీ. ఒకచోట నిలవదు, పోతూ ఉంటుంది అని ఆ పేరుకి అర్థం. శోశోకి సరిపోయింది, గంపెడు చిలగడదుంపలతో సంతలన్నీ తిరిగిన మనిషి. ఆ పేరు మొదటి మనవరాలికి వచ్చింది. ఆ పిల్ల తట్టు వచ్చి పోయింది. తర్వాత పుట్టిన మన న్యగుతీ వరసలో ఒక అడుగు ముందుకు జరిగి ఆ పేరే తొడుక్కుంది.

ఎంత చిన్నప్పటి నుంచో అమ్మ ఒక కథ చెప్పేది. “నీకు గుర్తుందా, కాఫీ గింజలు కడిగే కాలువలో పడ్డావు, నీళ్ళు నిన్ను లాక్కుపోతున్నాయి, మేమంతా కేకలు పెడుతున్నాం, నువ్వేమో ఎర్రటి పళ్ళ మధ్య తేలుతూ పకపకా నవ్వావు.” నీకు గుర్తుందా అని అడిగితే ఏ పిల్లయినా ఏం చెబుతుంది, గుర్తుంది అనే చెబుతుంది. చెప్పగా చెప్పగా నిజంగానే గుర్తొచ్చింది. కాఫీ పళ్ళు వేళ్ళ మధ్య జారడం, వాటి జిగురు, తియ్యగా పులిసిన వాసన, పైన ఆకాశం పోతున్నట్టు ఉండడం. నీళ్ళంటే నీకు భయమని అమ్మ ఏటి దగ్గరికి రానిచ్చేది కాదు, ఆమెకి భయం లేదు, అయినా ఉందేమోనని ఈత నేర్చుకోలేదు. ఒకరోజు బడిలో ఆ కథ చెబితే పక్క బెంచీ పిల్ల ముక్కు చీదుకుంటూ, “కోతలు కొయ్యకు. పడ్డది నువ్వు కాదు, చచ్చిపోయిన న్యగుతీ. మా అమ్మే లాగింది గట్టుకి. నువ్వప్పటికి పుట్టలేదు,” అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలో కాలువ దగ్గర ఆగి నీళ్ళలో చెయ్యి పెట్టి చూసింది, చాలా చల్లగా ఉన్నాయి. గుర్తున్న నీళ్ళు ఇంత చల్లగా లేవు.

నీలం గీత సగం దాటింది. వాన పెద్దదయింది. కరెంటు పోతే లెక్క మళ్ళీ మొదటి నుంచి, దేవుడా పోనివ్వకు అనుకుంది, సోమవారం పొద్దున్న ఇచ్చేయాలి. దీపం ఒకసారి కునికి మళ్ళీ నిలబడింది. స్నానం చేయించేటప్పుడు అమ్మ ఎప్పుడూ తన ఎడమ మణికట్టు దగ్గర ఆగేది. బొటనవేలితో అక్కడ రుద్దేది, మట్టి లేకపోయినా రుద్దేది. ఇదేమిటో చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. మొదటి పిల్లకి అక్కడ బొగ్గుల కుంపటి అంటుకుని మచ్చ పడింది. అమ్మ వెతికేది. లేదని తెలిసీ ప్రతి స్నానానికీ ఒకసారి వెతికేది, కనపడకపోతే చెయ్యి వదిలేసి, రెండో చెయ్యి గబగబా కడిగేసేది. ఇప్పుడు న్యగుతీ తన మణికట్టు తనే పట్టుకుని చూసుకుంది. నునుపుగా ఉంది. ఇంతవరకు అక్కడ ఒక దెబ్బ కూడా తగల్లేదు, ఆ చోటు ఎవరి కోసమో అట్టేపెట్టినట్టు. నాన్న వేరు. నాన్న ఆమెని “అమ్మా” అని పిలిచేవాడు. అందరు నాన్నలూ పిలుస్తారులే అనకు, ఆయన పిలిచింది తన కన్నతల్లినే. అన్నం దగ్గర ఆమెకి ముందు పెట్టమనేవాడు, ఆమె పడుకున్న గదిలోకి టోపీ తీసి వెళ్ళేవాడు. అది బాగుండేది. కానీ ఆ మర్యాదంతా తన భుజం మీదుగా వెనకాల ఎవరికో వెళ్ళేది, తను మధ్యలో నిలబడి ఉండేది. ఆయన పోయాక ఆ మాటా పోయింది. కమాండె ఒక్కడే ఆమెని ఆమెగా పిలుస్తాడు, అక్కా అని. ఆ మాట వాడి నోటి వెంట విన్నప్పుడల్లా ఆమెకి ఒకటి అనిపించేది, తనూ ఎవరినైనా అలా పిలవాల్సింది కదా అని. ఎప్పుడూ పిలవలేదు. తన పేరే ఉన్న మనిషిని, తన గౌనే తొడుక్కున్న మనిషిని అక్కా అని ఎలా పిలుస్తారు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. మీ అక్క అని ఎవరూ, ఒక్కరంటే ఒక్కరు అనలేదు.

అసలు ఆ పేరు మళ్ళీ పెట్టడంలో అమ్మ తొందర కూడా ఆమెకి ఇప్పుడు అర్థమవుతోంది. మా వైపు ఆడమనిషిని ఎవరూ సొంత పేరుతో పిలవరు, మొదటి బిడ్డ పేరు పెట్టి ఫలానా వాళ్ళమ్మ అంటారు. అమ్మని అందరూ న్యగుతీ వాళ్ళమ్మ అనేవారు. ఆ పిల్ల పోయాక సంతలో ఆడవాళ్ళకి నోరు ఆడలేదట. పిలవబోయి ఆగిపోయేవారట, దారి మారి పోయేవారట. ఒక మనిషి బతికి ఉండి పిలుపు లేకుండా తిరగడం ఎంత కష్టం. రెండో పిల్ల పుట్టి అదే పేరు వచ్చాక అందరికీ ఊపిరి ఆడింది. న్యగుతీ వాళ్ళమ్మా, దుంపలెంత, అని మళ్ళీ అడగడం మొదలుపెట్టారు. తన వల్ల అమ్మకి పిలుపు తిరిగొచ్చింది. అలా అనుకుంటే కొంచెం గొప్పగానే ఉంటుంది, గుడారం పడిపోకుండా నిలబెట్టిన గుంజలాగా. గుంజ పేరు ఎవరూ అడగరు. చిన్నప్పుడు ఒకసారి శోశోని అడిగింది, “శోశో, నువ్వు న్యగుతీవి, చచ్చిపోయిన పిల్ల న్యగుతీ, నేనూ న్యగుతీ. బయట నుంచి ఎవరైనా పిలిస్తే ఎవరు పలకాలి?” శోశో దుంప తొక్క తీస్తూ, “ఆకలేసినవాళ్ళు పలుకుతారు,” అంది. దుంప చేతిలో పెట్టింది. “ఇదిగో, నువ్వే పలికావు.” ఆ ఒక్కరోజు ఆ పేరు తనదనిపించింది. దుంప వేడికి నాలుక కాలింది కూడా, ఆ మంట మాత్రం ముమ్మాటికీ తనదే.

దానికంటే ముందో తర్వాతో, ఉసిళ్ళ రోజులు. వాన వెలిసిన సాయంత్రాలు ఇంటి వెనక మట్టిగట్టులోంచి లేచేవి. కోళ్ళు పరుగెత్తేవి, పిట్టలు దిగేవి. మర్నాడు పొద్దున్న గడప ముందంతా రెక్కలు. పురుగులు ఎక్కడికో పోయి రెక్కలు మాత్రం మిగిలేవి, గోధుమరంగు ఉల్లిపొర ముక్కల్లా, ఊదితే ఎగిరేవి. ఆమె వాటిని ఏరేది. ఒకే కొలతవి రెండేసి చూసి జత కట్టేది, ఇది దీనిది, ఇది దానిదే అని. కోకో డబ్బాలో వేసి మూత పెట్టేది, డబ్బా ఊపితే చప్పుడు కూడా రాదు. ఏ పని చెప్పినా వినకుండా మోకాళ్ళ మీద గడప ముందు పాకుతూ ఉండేది. ఇంట్లో ఎవరూ తిట్టలేదు, ఎందుకని అడగలేదు. అదొక్కటే తను స్వయంగా మొదలుపెట్టిన పని. మొదటి పిల్ల అది చేసి ఉండదు. చేసి ఉంటే అమ్మ చెప్పేదిగా, నీకు గుర్తుందా అని.

తప్పు దొరికాక మందేమిటని ఒకోత్‌ని అడిగితే వాడు తన పేరు చూపించాడు. ఒకోత్ అంటే వానలో పుట్టినవాడని. “మీదో గోల. తాతలు ఖాళీ చేసిన కుర్చీలు మీకు. మాకైతే పుట్టిన వేళే పేరు. వేళని ఎవడెత్తుకుపోతాడు? నీ ఉసిళ్ళకీ అదే పెట్టు.” పెట్టి చూసింది. ఏ బొమ్మలో పుట్టిందో ఆ బొమ్మ అంకె దాని పేరు. జలదరింపు పోయింది గానీ ఒకే బొమ్మలో పుట్టినవన్నీ ఒకే జోరుతో ఎగిరి, ఒకేసారి రెక్కలు రాల్చాయి, బడిపిల్లలు గంట కొట్టగానే లేచినట్టు. ఒకోత్ కడుపు పట్టుకుని నవ్వాడు. “అవునే, మర్చిపోయా. ఆ ఏడు మా ఊళ్ళో వాన ఎక్కువ. మా టీచరు ఒకోత్ అంటే సగం బెంచీ లేచేది.” అప్పుడు మూడో దారి పట్టింది. గుంపు బయట ఒక లెక్క పెట్టింది. అది ముందుకే నడుస్తుంది, వెనక్కి రాదు. పుట్టిన ప్రతి ఉసిలీ ఆ లెక్కలోంచి ఒక అంకె తీసుకుని ఒంటి మీద పెట్టుకుంటుంది. దాని గుణాలు ఆ అంకెకి కట్టి ఉంటాయి. వరసలో అది ముందుకు జరిగినా వెనక్కి జరిగినా అంకె మారదు. అది చచ్చిపోతే అంకె దానితోనే పోతుంది, ఇంకోదానికి ఇవ్వకూడదు. ఒకోత్ గడ్డం గోక్కున్నాడు. “అన్నీ ఖాళీలే మిగులుతాయిగా లెక్కలో. చచ్చినవాటివి వాడుకుంటే తక్కువలో పోతుంది.” “ఉండనీ,” అంది. “ఖాళీలే కదా, ఉండనీ.” ఒకోత్ ఒప్పుకున్నాడు. లేచి వెళ్ళి ఆమెకో టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఇప్పుడు నడుస్తున్నది ఆ మూడో దారి లెక్కే. ఇందులో ఒక ఉసిలికి ఎర్రరంగు వేసింది. సినిమాలో ఉండదు, తన కంటికోసం. పాత లెక్కలో ఎరుపు ఒకదాని మీద నిలిచేది కాదు, పిట్ట నోరు మూసినప్పుడల్లా పక్కదాని మీదికి దూకేది. ఈసారి దూకకూడదు. నీలం గీత చివరికి వస్తోంది. ఫోను మోగలేదు. ఒకవేళ ఫోనే చెయ్యరేమో. పేరు పెట్టేసి, పండ్లు పంచేసి, రాత్రికి ఎవరికో గుర్తొచ్చి చెబుతారేమో, పెట్టేశాం అని. పెడతారు సరే. ఆ పిల్లని పసుప్పచ్చ గౌనులో దూరుస్తారు. మణికట్టు రుద్దుతారు. నీకు గుర్తుందా అంటారు. ఆ పిల్లకి కాఫీ పళ్ళ జిగురు గుర్తొస్తుంది. ఎవరో ఒకరోజు బడిలో నవ్వుతారు. తను రెక్కలు ఏరినది మాత్రం ఎక్కడా ఉండదు, అసలు తను మధ్యలో ఉన్నట్టే ఉండదు, ఒకటి పోయింది, ఒకటి మళ్ళీ వచ్చింది, అంతే. గుంపులో ఒక పురుగు పక్కకి జరిగిన చోటు కూడా కనపడదు. వాన చప్పుడు ఒక్కసారి తగ్గింది, అప్పుడు మోగింది ఫోను.

“అక్కా, పుట్టింది. ఇద్దరూ బాగున్నారు.”

“ఎలా ఉందిరా?”

“ఎలా ఉంటుంది, ముడతలు పడ్డ అవకాడోలా ఉంది. నీ పోలికే,” కమాండె గొంతు నవ్వుతోంది, కానీ అలసిపోయి ఉంది. “అమ్మ మాట్లాడుతుందట. గట్టిగా మాట్లాడు, ఇక్కడా వానే.”

అమ్మ ఫోనుని ఎప్పుడూ నోటికి మరీ దగ్గరగా పట్టుకుంటుంది, ఊపిరి ముందు వినపడుతుంది. “వచ్చిందే,” అంది. “న్యగుతీ మళ్ళీ వచ్చింది. నుదురు చూడాలి నువ్వు. నువ్వు కాఫీ కాలువలో పడ్డప్పుడు ఇదిగో ఇలాగే, కళ్ళు మూసుకుని...”

“నేను పడలేదమ్మా.”

అటు పక్క మురంగాలో వాన వినపడుతోంది, రువాకాలో వాన వినపడుతోంది, రెండూ ఒకటే వానో కాదో. అనాల్సిన మాట నోట్లో తిరగలేదు, వాడుక లేని మాట. తర్వాత అంది, “కాలువలో పడ్డది అక్క. నేనప్పటికి పుట్టలేదు.”

అక్క. ఎవరూ కొట్టలేదు, ఏదీ విరగలేదు. కింద చపాతీ పెనం మీద పడ్డ చప్పుడు. అమ్మ, “తెలుసే,” అంది. మళ్ళీ, “నాకు తెలుసు.” గొంతు తగ్గించి, పక్కన కోడలు వినకూడదన్నట్టు, “మరి నువ్వేం చేసేదానివే చిన్నప్పుడు? ఎంత తలుచుకున్నా నాకు అదే కనపడుతుంది. ఆ గౌనులో అదే. నీవి నాకేమీ గుర్తు లేవే.”

ఎన్నాళ్ళుగానో న్యగుతీ ఈ మాట వినడానికి భయపడింది. వింటే గుండె ఆగుతుందనుకుంది. ఆగలేదు. తడిసిన బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నట్టు ఏదో మెల్లగా కారిపోయింది, అంతే, ఆ పైన చాలా ఖాళీగా, చాలా తేలికగా ఉంది. కోపం ఎక్కడుందో వెతికింది. లేని మచ్చ కోసం అమ్మ బొటనవేలు వెతికినట్టే వెతికి, వదిలేసింది.

“ఉసిళ్ళ రెక్కలు ఏరేదాన్ని,” అంది. “కోకో డబ్బాలో వేసేదాన్ని.”

“రెక్కలా? వాటితో ఏం పనే నీకు?”

“ఏమో. కింద పడి ఉంటే ఏది ఎవరిదో తెలిసేది కాదు. జత కట్టేదాన్ని.”

“పిచ్చిదానా,” అంది అమ్మ. ఆ మాట తనకే అంది. ఇంకెవరికీ కాదు. “అయితే పేరు వద్దంటావా?”

“పెట్టండి. నా పేరే పెట్టండి. కాలువ సంగతి కూడా చెప్పండి దానికి, కానీ అది పెద్దత్తదని చెప్పండి. రెక్కల సంగతి చిన్నత్తదని చెప్పండి. దానిది ఇంకా ఏమీ లేదు. అలాగే ఉండనీ.”

“పెద్దత్త,” అని అమ్మ మెల్లగా అంది, రాళ్ళున్న బియ్యం నమిలినట్టు. “చిన్నత్త.” తర్వాత ఊపిరి గట్టిగా వదిలింది. “నాకు కలిసిపోతాయే. ముసలిదాన్ని, మళ్ళీ కలిపేస్తాను. నువ్వే వచ్చి చెప్పు.”

“వస్తా.”

“గొడుగు తెచ్చుకో.”

ఫోను పెట్టేసేసరికి నీలం గీత ఆగిపోయి ఉంది, ఎప్పుడు ముగిసిందో చూడలేదు. ఆడించి చూసింది. పుట్ట పగిలింది, పొగలా లేచాయి, వందలు, వాటిలో ఎర్రది ఒకటి. పిట్ట వచ్చింది, ఒకదాన్ని ఎత్తుకుపోయింది. గుంపు జలదరించలేదు. ఎత్తుకుపోయిన చోట ఒక చిన్న కంత, దాని చుట్టూ మిగతావి ఎవరి దారిన అవి. ఎర్రది ఎగిరింది, కొంచెం వంకరగా, ఒక పక్కకి లాగుతూ, దాని తీరే అది. మళ్ళీ పిట్ట, మళ్ళీ ఒక కంత. ఎర్రది నేల మీదికి దిగింది. రెక్కలు రాలాయి, రెండూ దాని పక్కనే పడ్డాయి, మళ్ళీ మొలవలేదు. ఉత్త ఒంటితో తెర అంచు దాకా పాకి, తెర దాటి వెళ్ళిపోయింది. దాన్ని ఆ చివరి దాకా చూసినది ఆ గదిలో ఆమె ఒక్కతే. ఎరుపు తీసేసింది. ఇప్పుడది అన్నిటిలాగే గోధుమరంగు, సినిమా చూసేవాళ్ళెవరికీ ఏది అదో తెలియదు, కానీ అంకె దాని ఒంటి మీదే ఉంది. కంప్యూటర్ ఆపి, గొడుగు తీసుకుని, తలుపు తాళం వేసింది. వసారాలో ఆ చిన్న బట్టలు ఇంకా తడుస్తూనే ఉన్నాయి. తీగ మీంచి తీసి, పిండి, మెట్ల దగ్గర వాన పడని చోట కటకటాల మీద ఒక్కొక్కటే విడదీసి ఆరేసింది, పసుప్పచ్చ గౌను ముందు కనపడేలా, ఎవరిదో వాళ్ళు వస్తే తెలిసేలా. మురంగా మటాటు కోసం వానలోకి దిగింది.

ఇంతే. ఇప్పుడు ఆ ఇంట్లో నాలుగో న్యగుతీ పాకుతోంది, పళ్ళొస్తున్నాయి, కనపడినదల్లా కొరుకుతోంది, ఆ కొరకడం దానిది. ఇది నువ్వు గుర్తుంచుకుని ఎప్పుడైనా ఎవరికైనా చెప్పాలి. ఊరి పేరు మర్చిపోతే పోనీ, పిట్టని కాకి చేసినా ఏమీ అనుకోను. కాలువలో నవ్వినది అక్క, రెక్కలు ఏరినది చెల్లెలు. ఆ ఒక్కటీ మాత్రం కలపకు.